రాష్ట్ర విశ్వవిద్యాలయ అధ్యాపకులు సెనేటర్ కార్యాలయానికి ఉత్తరం రాస్తే అది లాబీయింగేనా? అమెరికా వెల్లడి నిబంధనలపై చర్చ

వెన్నెలవాక (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, ప్రజారోగ్య విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ హామీ, ఇంకా రాలేదు. గ్రామీణ ఆసుపత్రులలో కాన్పుల విభాగాలు మూతబడితే గర్భిణులు ఎంత దూరం ప్రయాణం చేయవలసి వస్తోంది, దాని పర్యవసానం ఏమిటి అన్నది నాలుగేళ్లుగా నా పరిశోధన. గత శీతాకాలంలో మా రాష్ట్రం తరఫున అమెరికా సెనేట్‌లో ఉన్న సెనేటర్ కార్యాలయంలో ఆరోగ్య విధానాలు చూసే ఉద్యోగిని నా వ్యాసం చదివి ఫోన్ చేశారు. అరగంట సేపు వివరించాను. మూడు వారాల తర్వాత బిల్లు ముసాయిదా బయటికి వచ్చినప్పుడు, అందులో సహాయ నిధులను కాన్పుల సంఖ్యతో ముడిపెట్టిన నిబంధన చూసి ఊరుకోలేకపోయాను. కాన్పులు తక్కువగా జరిగే ఆసుపత్రులకే ఆ సాయం ఎక్కువ అవసరం కనుక ఆ నిబంధనను మార్చవలసిందని కోరుతూ, విశ్వవిద్యాలయ ఈమెయిల్ నుంచే ఆమెకు ఉత్తరం రాశాను.

ఇప్పుడు మా ప్రభుత్వ సంబంధాల కార్యాలయం నుంచి ఒక ఫారం వచ్చింది. ఈ త్రైమాసికంలో ఫెడరల్ అధికారులతో ఏ విషయం మీద మాట్లాడారో, ఎన్ని గంటలు వెచ్చించారో రాయమన్నారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను: ఇకమీదట ఇటువంటి సంభాషణలకు ముందుగా కార్యాలయం ఆమోదం తీసుకుంటానని అంగీకరిస్తూ సంతకం చేయాలట. నేను ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని కదా, ప్రభుత్వ ఉద్యోగులకు లాబీయింగ్ చట్టం, అంటే చట్టసభ సభ్యులను, అధికారులను ప్రభావితం చేసే ప్రయత్నాలను వెల్లడించమనే చట్టం, వర్తించదని విన్నాను. ఆ మాట నిజమేనా? నన్ను లాబీయిస్టుగా నమోదు చేస్తారా? ఆ చివరి వాక్యం చట్టం కోరేదేనా? ఏప్రిల్ 20 లోపు ఫారం ఇవ్వాలి.

చట్టదర్పణం

వెన్నెలవాక గారూ, నేను పదకొండేళ్ల పాటు ఒక విశ్వవిద్యాలయంలో నిబంధనల అమలు విభాగంలో పనిచేశాను. న్యాయవాదిని కాను. అయినా ఈ ఫారాలు నింపించిన అనుభవంతో చెబుతున్నాను.

మీరు విన్న మాట సగం నిజం, ఆ మిగిలిన సగమే మీకు ముఖ్యం. 1995లో వచ్చిన లాబీయింగ్ వెల్లడి చట్టం ప్రకారం, ప్రజాధికారి తన అధికార హోదాలో చేసే సంభాషణ లాబీయింగ్ కిందికి రాదు. ప్రజాధికారి అన్న మాటలో ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులందరూ వస్తారు. అయితే అదే నిర్వచనంలో, కళాశాలలు, విశ్వవిద్యాలయాల ఉద్యోగులు తప్ప అని చట్టం స్పష్టంగా రాసింది. అంటే రాష్ట్ర రహదారుల శాఖ ఇంజనీరు సెనేటర్ దగ్గరికి వెళ్లి వంతెనకు నిధులు అడిగితే అది లాబీయింగ్ కాదు. అదే రాష్ట్రపు విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ వెళ్లి ప్రయోగశాలకు నిధులు అడిగితే అవుతుంది. ఇద్దరికీ జీతం ఒకే ఖజానా నుంచి రావచ్చు. అయినా చట్టం దృష్టిలో ఇద్దరూ ఒకటి కారు. నిధుల కోసం కాంగ్రెస్ తలుపు తట్టడంలో రాష్ట్ర విశ్వవిద్యాలయం ప్రైవేటు విశ్వవిద్యాలయంతోనే పోటీ పడుతుంది కనుక, ఒకరు వెల్లడించి మరొకరు వెల్లడించకపోవడం న్యాయం కాదన్నది దీని వెనక నాకు కనిపించే తర్కం.

ఇక మిమ్మల్ని లాబీయిస్టుగా నమోదు చేస్తారా అంటే, చేయరు. నమోదు చేయవలసింది సంస్థ. సంస్థ తన నమోదులో లాబీయిస్టుగా పేరు చూపవలసిన ఉద్యోగి ఎవరంటే, జీతం తీసుకుంటూ ఒకటి కంటే ఎక్కువసార్లు లాబీయింగ్ సంభాషణ జరిపి, మూడు నెలల వ్యవధిలో తన పని సమయంలో 20 శాతం గానీ అంతకు మించి గానీ లాబీయింగ్ కార్యకలాపాల మీద వెచ్చించిన వ్యక్తి. వారానికి 40 గంటల లెక్కన 13 వారాలకు 520 గంటలు, అందులో 20 శాతం అంటే 104 గంటలు. ఒక ఫోన్ సంభాషణ, ఒక ఉత్తరం దాని దరిదాపుల్లోకి కూడా రావు.

మరి ఫారం ఎందుకంటే, మీ విశ్వవిద్యాలయంలో ఆ 20 శాతం దాటిన ఉద్యోగులు వేరే ఉంటారు, వారి కారణంగా సంస్థ ఇప్పటికే నమోదై ఉంటుంది. సొంత ఉద్యోగులతో లాబీయింగ్ చేయించే సంస్థకు త్రైమాసిక ఖర్చు 2025 జనవరి నుంచి 16,000 డాలర్లు దాటితే నమోదు తప్పనిసరి. ఒకసారి నమోదైన తర్వాత ప్రతి త్రైమాసికం ముగిసిన 20 రోజులలోగా మొత్తం లాబీయింగ్ ఖర్చును చిత్తశుద్ధితో అంచనా వేసి ప్రకటించాలి. ఆ మొత్తంలో లాబీయిస్టులు కాని ఉద్యోగుల సమయం కూడా కలుస్తుంది. సెనేట్ కార్యదర్శి, ప్రతినిధుల సభ క్లర్కు కలిసి వెలువరించే మార్గదర్శకాలలో సంస్థ అధిపతి ఉదాహరణ ఒకటి ఉంది: ఆయన అప్పుడప్పుడు మాత్రమే అధికారులను కలుస్తారు కనుక లాబీయిస్టుగా ఆయన పేరు చూపనక్కరలేదు, కానీ ఆ కలయికలకు అయిన ఖర్చు చూపాలి. మీ పరిస్థితి కూడా అదే.

సెనేటర్ కార్యాలయం వారు ముందుగా ఫోన్ చేశారు కనుక ఆ అరగంట మినహాయింపులోకే వస్తుంది. తర్వాత మీరు స్వయంగా రాసిన ఉత్తరానికే లెక్క చూపాలి. ఆమోదం గురించిన వాక్యం మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు.

మట్టివాసన

చట్టదర్పణం గారు విషయాన్ని చక్కగా విడమరచి చెప్పారు. అయినా నా మనసులో ఉన్న బాధ కూడా చెప్పుకోవాలి. నేను వ్యవసాయ విస్తరణ విభాగంలో 24 ఏళ్లుగా ఉన్నాను. 1862 నాటి మోరిల్ చట్టంతో భూమి గ్రాంటు విశ్వవిద్యాలయాలు పుట్టాయి, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో విస్తరణ సేవ పుట్టింది. విశ్వవిద్యాలయంలో తెలుసుకున్న విషయాన్ని బయటి జనానికి చేర్చడమే నా ఉద్యోగం. ఆ జనంలో రైతు ఉంటాడు, కౌంటీ కమిషనర్ ఉంటాడు, కాంగ్రెస్ సభ్యుని సహాయకుడూ ఉంటాడు. నేల కోత గురించి రైతుకు చెబితే విస్తరణ, అదే మాట వ్యవసాయ బిల్లు రాసేవారికి చెబితే లాబీయింగ్ అనడం నాకు మింగుడు పడదు.

ఫారం నింపడానికి పట్టేది పావుగంటే కావచ్చు. కానీ ఫారం వచ్చిన తర్వాత మా విభాగంలో ఇద్దరు యువ అధ్యాపకులు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఏది మినహాయింపో ఏది కాదో తెలియనప్పుడు నోరు విప్పకపోవడమే క్షేమమని అనుకుంటారు. లాబీయిస్టు అన్న పేరుకు సమాజంలో ఉన్న విలువ ఏమిటో అందరికీ తెలుసు. జీతానికి మించి ఒక్క డాలరు కూడా ఆశించకుండా మాట్లాడే మనిషిని ఆ మాటతో కలిపి ఒకే కాగితం మీద రాయడమే తప్పు అంటాను.

త్రాసు

మట్టివాసన గారి బాధను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను ఆర్థిక శాస్త్రం బోధిస్తాను. ఇది నా స్వానుభవం. దీన్ని బహిరంగంగా రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

కొన్నేళ్ల క్రితం ఒక పరిశ్రమల సంఘం నా పరిశోధనకు నిధులు ఇచ్చింది. ఒప్పందంలో ఎటువంటి షరతూ లేదు, ఫలితాలు నావే, ప్రచురణ హక్కు నాదే. రెండో సంవత్సరంలో ఆ సంఘం ప్రతినిధి ఒక ముసాయిదా ఉత్తరం పంపి, ఒక కమిటీ సభ్యులందరికీ నా పేరుతో, విశ్వవిద్యాలయ లెటర్‌హెడ్ మీద పంపగలరా అని అడిగారు. అందులో ఉన్న వాదన నేను నమ్మినదే. రెండు వాక్యాలు మార్చి సంతకం చేశాను. ఆ ఉత్తరం చదివిన సభ్యులకు కనిపించింది ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ నిష్పాక్షిక అభిప్రాయం మాత్రమే. దాన్ని మొదట రాసింది ఎవరో, నాకు ఆ ఏడాది పరిశోధన నిధులు ఎవరు ఇచ్చారో వారికి తెలిసే మార్గమే లేదు. ఆ సంఘం తన త్రైమాసిక నివేదికలో బిల్లు సంఖ్య, సంప్రదించిన సభ, తన లాబీయిస్టుల పేర్లు, మొత్తం ఖర్చు చూపింది. అదంతా చట్టబద్ధమే. నా ఉత్తరం ప్రస్తావన అందులో లేదు, ఉండవలసిన అవసరమూ చట్టం ప్రకారం లేదు.

విశ్వవిద్యాలయం పేరుకు జనంలో ఉన్న నమ్మకం మన ఒక్కొక్కరి సొంత ఆస్తి కాదు. పన్నులు కట్టినవారు, పిల్లల ఫీజులు కట్టినవారు దాన్ని నిలబెట్టారు. దాన్ని ఎవరి కోసం వాడుతున్నామో చెప్పమంటే అవమానంగా ఎందుకు భావించాలి? 1954లో హారిస్ కేసులో సుప్రీంకోర్టు అంతకు ముందున్న 1946 నాటి లాబీయింగ్ చట్టాన్ని నిలబెడుతూ ఇదే చెప్పింది: కాంగ్రెస్ ఈ ప్రయత్నాలను నిషేధించడం లేదు, ఎవరిని నియమించారు, డబ్బు ఎవరిది, ఎంత అన్నది మాత్రమే తెలుసుకోవాలనుకుంటోంది. నా విషయంలో ఆ మూడింటిలో రెండోదే తెలియకుండా పోయింది.

గడప

నేను ఏడాది ఒప్పందం మీద బోధించే లెక్చరర్‌ని. పెద్దలు మాట్లాడుతున్నది పరిశోధన గురించి. నా సమస్య వేరు. మా అధ్యాపక సంఘం తరఫున నేను సెలవు పెట్టుకుని రాజధానికి వెళ్లి, విద్యార్థి రుణాల మాఫీ నిబంధనల గురించి మా జిల్లా ప్రతినిధి కార్యాలయంలో మాట్లాడి వచ్చాను. దీన్ని కూడా విశ్వవిద్యాలయ ఫారంలో రాయాలా? రాస్తే, వచ్చే ఏడాది ఒప్పందం పునరుద్ధరించే వారి చేతికి నేను ఎవరితో ఏం మాట్లాడానో స్వయంగా అందించినట్టు అవుతుంది కదా?

చట్టదర్పణం

గడప గారూ, ఆ ఫారంలో మీరు రాయవలసినది లేదు. చట్టం చూసేది క్లయింటు తరఫున, ప్రతిఫలం తీసుకుని చేసే సంభాషణను. మీరు ఆ రోజు సెలవులో ఉన్నారు, విశ్వవిద్యాలయం మిమ్మల్ని పంపలేదు. సంఘం నమోదైన సంస్థ అయితే మీ ప్రయాణానికి తాను పెట్టిన ఖర్చును తన నివేదికలో చూసుకుంటుంది. మీరు జీతం లేని స్వచ్ఛంద సభ్యులు కనుక లాబీయిస్టుగా మీ పేరు అక్కడ కూడా రాదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. విశ్వవిద్యాలయ ఈమెయిల్, లెటర్‌హెడ్, కార్యాలయ ఫోన్ ఆ పనికి వాడకండి. హోదా చెప్పుకోవలసి వస్తే అది మిమ్మల్ని పరిచయం చేయడానికి మాత్రమేనని, అభిప్రాయం మీదేనని ఒక వాక్యం చేర్చండి.

త్రాసు గారు రాసినది చదివాక ఒక విషయం చేర్చాలి. ప్రతినిధుల సభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పే ప్రభుత్వేతర సాక్షులు సాక్ష్య సత్యత నియమం కింద ఒక పత్రం నింపాలి. విచారణ విషయానికి సంబంధించి తాము పొందిన ఫెడరల్ గ్రాంట్లు, ఒప్పందాలు, విదేశీ ప్రభుత్వాల నుంచి వచ్చిన చెల్లింపులు అందులో చూపాలి. కమిటీ ముందు ఇచ్చే సాక్ష్యం లాబీయింగ్ వెల్లడి చట్టం కిందికి రాదు. అయినా అక్కడ నిధుల మూలం కొంతైనా బయటపడుతుంది. పరిశ్రమ ఇచ్చిన నిధుల గురించి ఆ నియమం అంత పట్టుగా అడగదు. త్రాసు గారు చూపిన లోటు అక్కడ కూడా ఉంది.

రేవు

చట్టదర్పణం గారి మొదటి సమాధానంలో ఒక చిన్న సవరణ అవసరమనిపిస్తోంది. అధికారి అడిగినప్పుడు ఇచ్చే సమాచారానికి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ చట్టంలోని ఆ వాక్యం, మౌఖికంగా గానీ లిఖితపూర్వకంగా గానీ అడిగినప్పుడు లిఖితపూర్వకంగా ఇచ్చే నిర్దిష్ట సమాచారం అని అంటుంది. అడగడం ఎలాగైనా జరగవచ్చు, జవాబు మాత్రం కాగితం మీద ఉండాలి. వెన్నెలవాక గారు ఫోన్‌లోనే జవాబు చెప్పారు కనుక ఆ మినహాయింపు అక్షరాలా వర్తించదు. అప్పటికి బిల్లు ప్రస్తావన లేకుండా పరిశోధన ఫలితాలను మాత్రమే వివరించి ఉంటే అసలు అది లాబీయింగ్ సంభాషణ నిర్వచనంలోకే రాదనవచ్చు. బిల్లులో ఏముండాలో మాట్లాడి ఉంటే వస్తుంది. అందుకే నేను ఎవరు ఫోన్ చేసినా, మీ ప్రశ్న ఈమెయిల్‌లో పంపండి, జవాబు రాసి పంపుతాను అంటాను.

ఇంతవరకు అందరూ ఫెడరల్ చట్టం గురించే మాట్లాడారు. రాష్ట్ర శాసనసభతో మాట్లాడినప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. నేను వాషింగ్టన్ రాష్ట్రంలో పనిచేస్తాను. 1972లో ఓటర్లే 276వ ప్రజా ప్రతిపాదనను ఆమోదించి ఇక్కడ వెల్లడి చట్టం తెచ్చుకున్నారు. ప్రజాధనంతో లాబీయింగ్ చేసే ప్రభుత్వ సంస్థలు, అంటే రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కూడా, ఎల్-5 అనే త్రైమాసిక నివేదిక సమర్పించాలి. కనుక అధ్యాపకులు తమ సమయాన్ని కార్యాలయానికి తెలియజేయడం ఇక్కడ అలవాటుగా మారింది. ఇదే పశ్చిమ తీరంలో ఉన్న కాలిఫోర్నియాలో 1974 నాటి రాజకీయ సంస్కరణల చట్టం మరో దారి పట్టింది. రాష్ట్ర ఉద్యోగి తన విధుల పరిధిలో మాట్లాడితే లాబీయిస్టు నమోదు నుంచి మినహాయింపు ఇచ్చి, శాసనసభ్యులకు నెలకు 10 డాలర్లకు మించి కానుకలు ఇవ్వరాదని మాత్రం హద్దు పెట్టింది. వాషింగ్టన్ పద్ధతిలో ఇన్నేళ్లు పనిచేసిన నాకు భయం ఎప్పుడూ కలగలేదు. కార్యాలయం గంటలు అడుగుతుంది, విషయం అడుగుతుంది. ఏం మాట్లాడవచ్చో చెప్పదు. ఫారం అందరికీ ఒకటే, ఏటా నాలుగుసార్లు వస్తుంది, ఎవరినో వేలెత్తి చూపినట్టు ఉండదు.

చట్టదర్పణం

రేవు గారి సవరణ సరైనదే. లిఖితపూర్వకంగా అన్న మాటను నేను విడిచిపెట్టాను. వెన్నెలవాక గారు ఫోన్ సంభాషణ విషయంలో నా మొదటి సమాధానాన్ని పక్కన పెట్టి దీన్నే అనుసరించాలి.

మట్టివాసన

త్రాసు గారి అనుభవం చదివాక రాత్రంతా ఆలోచించాను. పరిశ్రమ రాసిచ్చిన ఉత్తరం మీద సంతకం పెట్టడాన్ని నేను సమర్థించను, అది బయటపడవలసిందే. కానీ చూడండి, మనం చర్చిస్తున్న ఫారం ఆ తప్పును పట్టుకోదు. డబ్బు ఎవరిదని అది అడగదు, గంటలు ఎన్నని అడుగుతుంది. నా మూడు గంటలు, వెన్నెలవాక గారి మూడు గంటలు, త్రాసు గారి ఆ ఉత్తరానికి పట్టిన గంట అన్నీ కలిసిపోయి, సమీప పదివేల డాలర్లకు సర్దిన ఒక అంకెగా బయటికి వస్తాయి. ఆ అంకె చూసి పౌరుడు ఏం తెలుసుకుంటాడు?

త్రాసు

ఈ మాటతో ఏకీభవిస్తున్నాను. సంస్థ స్థాయి అంకె అవసరమే, ఎందుకంటే కాంగ్రెస్ సభ్యులు ఫలానా ప్రాజెక్టుకని నేరుగా నిధులు ఇప్పించే ప్రత్యేక కేటాయింపులు 2011 నుంచి నిలిచిపోయి 2021లో తిరిగి వచ్చాయి, వాటి కోసం విశ్వవిద్యాలయాలు ఎంత శ్రమిస్తున్నాయో జనానికి తెలియాలి. కానీ అధ్యాపకుల విషయంలో అసలు ప్రశ్న గంటలది కాదు. ఈ ఉత్తరం ఎవరి పేరుతో రాశారు, ఇందులో ఎవరి డబ్బు ఉంది అన్న రెండు వాక్యాలు ఉత్తరంలోనే ఉంటే చదివేవారికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆ సంఘటన తర్వాత నేను శాసనసభ్యులకు రాసే ప్రతి ఉత్తరం మొదటి పేరాలోనే గత మూడేళ్ల పరిశోధన నిధుల వివరం రాస్తున్నాను. ఏ చట్టమూ నన్ను అలా రాయమనలేదు.

డబ్బు మాట వచ్చింది కనుక వెన్నెలవాక గారు మరొకటి సరిచూసుకోవాలి. మీ జీతంలో కొంత భాగం ఫెడరల్ గ్రాంటు నుంచి వస్తోందా? వస్తే, ఆ ఉత్తరం రాసిన సమయాన్ని గ్రాంటుకు లెక్క కట్టకూడదు. గ్రాంట్ల ఖర్చు నిబంధనలలో 200.450 సెక్షన్ లాబీయింగ్ ఖర్చులను అనుమతించదు. గ్రాంటు పనికి నేరుగా సంబంధించిన సాంకేతిక సమాచారాన్ని, రికార్డులో ఉన్న అభ్యర్థనకు జవాబుగా ఇచ్చినప్పుడు మాత్రం సడలింపు ఉంది. అభ్యర్థన రికార్డులో ఉండాలన్న ఈ షరతు వల్ల కూడా రేవు గారి ఈమెయిల్ అలవాటు మంచిదే. అదే సెక్షన్ మరొకటి కూడా చెబుతుంది: ఉద్యోగి ఒక నెలలో లాబీయింగ్ మీద వెచ్చించినది తన పని గంటలలో 25 శాతం గానీ అంతకు తక్కువ గానీ అయితే, సంస్థ గతంలో తప్పుడు లెక్కలు చూపి ఉండకపోతే, ఆ ఖర్చుల లెక్క కోసం గంట గంటకూ సమయ పట్టిక రాయనక్కరలేదు. నిమిషాలు లెక్కపెట్టే యంత్రంగా మారనవసరం లేదని మట్టివాసన గారి విభాగంలోని యువ అధ్యాపకులకు ఈ మాట చెప్పవచ్చు.

వెన్నెలవాక

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నా జీతంలో 40 శాతం ఫెడరల్ గ్రాంటు నుంచే వస్తుంది, ఈ కోణం నాకు తట్టనే లేదు. ఆ ఉత్తరం రాసింది శనివారం, కానీ వారాంతంలో రాసినంత మాత్రాన గ్రాంటు సమయం కాదని అనుకోకుండా మా విభాగ లెక్కల అధికారితో మాట్లాడి విడిగా నమోదు చేయించాను.

ఒక సందేహం మిగిలింది. ఉత్తరంలో వాడిన విశ్లేషణ నా నాలుగేళ్ల పరిశోధన. గంటలు రాయమంటే ఆ నాలుగేళ్లూ రాయాలా? నవ్వులాటకు అడగడం లేదు, ఫారంలో తయారీ సమయం అన్న గడి ఉంది. మరొకటి, ఆమోదం అన్న వాక్యం గురించి అడిగితే, విశ్వవిద్యాలయం ఒకే గొంతుతో మాట్లాడాలి కదా అని కార్యాలయం వారు మర్యాదగానే చెప్పారు.

చట్టదర్పణం

నాలుగేళ్లు రాయవద్దు. లాబీయింగ్ కార్యకలాపం అన్న మాటలో తయారీ, ప్రణాళిక, పరిశోధన కూడా ఉన్నాయి గానీ, ఆ పని చేసిన సమయంలోనే దాన్ని లాబీయింగ్ సంభాషణలో వాడాలన్న ఉద్దేశం ఉండాలని చట్టం చెబుతుంది. మీరు పరిశోధన చేసింది ప్రచురణ కోసం, అప్పటికి ఆ బిల్లే లేదు. బిల్లు ముసాయిదా చదివి ఉత్తరానికి సిద్ధమైన సమయం మాత్రం లెక్కలోకి వస్తుంది. అధ్యాపకులను ఎక్కువగా కాపాడేది ఈ ఒక్క మాటే అని నా అభిప్రాయం. దీన్ని మార్గదర్శక పత్రం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయాలని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పోరాడాను, నా మాట నెగ్గలేదు.

ఆమోదం విషయంలో నా మాట గట్టిగానే చెబుతాను. విశ్వవిద్యాలయం తరఫున మాట్లాడేటప్పుడు ముందుగా అడగమనడం సంస్థ హక్కు. విశ్వవిద్యాలయ వైఖరి ఇది అని మీరు రాయబోతుంటే తప్పక అడగాలి. కానీ పరిశోధకురాలిగా మీ శాస్త్రంలో మీకు తెలిసిన విషయం గురించి మీ పేరుతో మాట్లాడటానికి కూడా ఆమోదం కావాలంటే, వెల్లడి ఫారం అనుమతి ఫారంగా మారిపోతుంది. 2021లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జరిగింది గుర్తుందా? ఓటింగ్ హక్కుల కేసులో ముగ్గురు ప్రొఫెసర్లు నిపుణులుగా సాక్ష్యం ఇవ్వడానికి, రాష్ట్ర ప్రభుత్వ ప్రయోజనాలకు విరుద్ధమన్న కారణంతో విశ్వవిద్యాలయం మొదట అనుమతి నిరాకరించింది. దేశమంతటా నిరసన వచ్చాక వెనక్కి తగ్గింది. 2022 జనవరిలో ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి ఆ విధానం అమలుపై తాత్కాలిక నిషేధం విధించారు. అది కోర్టు సాక్ష్యం, లాబీయింగ్ కాదు. కానీ బయటి పనుల వెల్లడి కోసం పెట్టిన పద్ధతే మాటను ఆపే సాధనంగా ఎలా మారుతుందో అక్కడ స్పష్టంగా కనిపించింది.

త్రాసు

ఇక్కడ న్యాయపరమైన నేల అంత గట్టిది కాదని కూడా వెన్నెలవాక గారు తెలుసుకోవాలి. 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన పికరింగ్ తీర్పు, పాఠశాల బోర్డు ఖర్చులను విమర్శిస్తూ పత్రికకు ఉత్తరం రాసిన ఉపాధ్యాయుడికి రక్షణ ఇచ్చింది. 2006లో అదే కోర్టు ఇచ్చిన గార్సెటీ తీర్పు, ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో భాగంగా మాట్లాడిన మాటకు రాజ్యాంగ మొదటి సవరణ ఇచ్చే వాక్‌స్వేచ్ఛ రక్షణ లేదన్నది. బోధనకు, విద్వత్ రచనకు ఈ సూత్రం వర్తిస్తుందా అన్న ప్రశ్నను మాత్రం తేల్చకుండా వదిలేసింది. 2014లో పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అయిన తొమ్మిదో సర్క్యూట్ కోర్టు డెమర్స్ కేసులో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ విషయంలో, విద్యాసంబంధమైన రచనకు గార్సెటీ వర్తించదని చెప్పింది. మీరు ఆ సర్క్యూట్ పరిధిలో లేకపోతే ఆ తీర్పు మీ కోర్టును కట్టివేయదు. విచిత్రం ఏమిటంటే, నేను విధుల్లో భాగంగా రాశాను అంటే వెల్లడి లెక్కలోకి వస్తారు, వాక్‌స్వేచ్ఛ రక్షణ బలహీనపడుతుంది. సొంత హోదాలో రాశాను అంటే రక్షణ బలపడుతుంది, విశ్వవిద్యాలయ లెక్కలోకి రారు. అందుకే ఉత్తరం రాసే ముందే ఏ హోదాలో రాస్తున్నామో నిర్ణయించుకుని, ఆ ముక్క ఉత్తరంలోనే రాయాలి.

గడప

ఈ చివరి మాట నేను రాసి పెట్టుకున్నాను. ఒప్పంద అధ్యాపకులకు ఇటువంటి శిక్షణ ఎవరూ ఇవ్వరు. ఫారం మాత్రం అందరికీ పంపుతారు.

మట్టివాసన

మా విభాగపు ఇద్దరు యువ అధ్యాపకులకు ఈ చర్చ చూపించాను. పరిశోధన గంటలు లెక్కలోకి రావన్న విషయం వారికి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఒకరు ఈరోజు తిరిగి ఫోన్ చేశారు, అవతలి వారిని ప్రశ్న ఈమెయిల్‌లో పంపమన్నారు. ఫారం విషయంలో నా అభ్యంతరం తగ్గింది గానీ పోలేదు.

వెన్నెలవాక

నిన్న ఫారం ఇచ్చేశాను. ఫోన్ సంభాషణలో ముసాయిదా ప్రస్తావన ఏదీ రాలేదని నా నోట్సు చూసి నిర్ధారించుకున్నాను కనుక దాన్ని లెక్కలో చేర్చకుండా, తేదీ, కారణం విడిగా రాశాను. ముసాయిదా చదవడానికి గంటన్నర, ఉత్తరం రాయడానికి రెండు గంటలు, మొత్తం మూడున్నర గంటలు అని నింపాను. విశ్వవిద్యాలయ ఈమెయిల్ వాడాను, హోదా విడదీసి చెప్పలేదు కనుక అది లెక్కలోకి రావడమే సబబు అనిపించింది. సెనేటర్ కార్యాలయానికి కూడా నా పరిశోధన నిధుల మూలాన్ని తెలియజేస్తూ చిన్న అనుబంధ లేఖ పంపాను.

ఆమోదం వాక్యాన్ని కొట్టివేసి, పక్కన ఇలా రాశాను: విశ్వవిద్యాలయం పేరుతో మాట్లాడవలసి వస్తే ముందుగా సంప్రదిస్తాను, నా పరిశోధన గురించి నా పేరుతో జరిపే సంభాషణలను త్రైమాసికం చివర తెలియజేస్తాను. కార్యాలయం వారు దాన్ని న్యాయ సలహాదారుకు పంపామన్నారు. మా అధ్యాపక సెనేట్‌లో విద్యా స్వేచ్ఛ కమిటీ అధ్యక్షురాలికి కూడా ఒక ప్రతి ఇచ్చాను. వచ్చే సమావేశం మే నెలలో ఉంది, ఎజెండాలో చేర్చుతానన్నారు. ఈలోగా సెనేటర్ కార్యాలయం నుంచి మరో ప్రశ్న వచ్చింది, ఈసారి వారే ఈమెయిల్‌లో పంపారు. ఈ రాత్రి జవాబు రాస్తున్నాను.